పంప్‌హౌస్‌లో చనిపోయిన మనిషి



డిటెక్టివ్ నవలలు చదివి పెరిగిన తరం మాది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మా ఇళ్లలో చుట్టం లెక్క. అద్దె లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకోవడం, రాత్రికి రాత్రి చదివేయడం, పొద్దున్నే తిరిగి ఇచ్చేయడం. అప్పట్లో మేం చదివిన నేరకథల్లో తరచూ ఒక కంపెనీ ఉద్యోగి చచ్చిపోయేవాడు. మేనేజరో, అకౌంటెంటో. తలుపు లోపల గడియ వేసి ఉంటుంది. ఒంటి మీద గాయం ఉండదు. బల్ల మీద సగం తాగిన కాఫీ కప్పు. చివరి పేజీలకు వచ్చేసరికి ఎవరో ఒకరు దొరికేవారు, వాటాదారో వారసుడో. పుస్తకం మూసేసి హాయిగా నిద్రపోయేవాళ్లం. ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో, ఆ గది కింద నుంచి ఏ గొట్టం పోతోందో ఎవరూ చెప్పేవారు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు.

ఉక్కు ఊళ్లో ఉన్నవాడికి మాత్రం ముందుగా తట్టే ప్రశ్న అదే. నేనుండేది భిలాయిలో, కోహ్కాలో. రైలు పట్టాలకి ఒక పక్క కారఖానా, టౌన్‌షిప్, సెక్టార్లు. ఇవతలి పక్క సుపేలా బజారు, అది దాటితే మా కోహ్కా. ఒకప్పుడు ఊరు, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన పేట. సెక్టార్‌లో క్వార్టర్ దొరకనివాళ్లు, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినవాళ్లు, ఠేకా మజ్దూర్లు అంటే కాంట్రాక్టు కూలీలు, చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఇటువైపు స్థిరపడ్డారు. 1955లో ఈ కారఖానా కోసం సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించేనాటికే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు ఇక్కడికి పనికి రావడం మొదలుపెట్టారు. ఇవాళ్టికీ ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, గేటు లోపల హిందీ.

ఇవాళ మీకొక చావు సంగతి చెబుతాను. చనిపోయిన మనిషి కల్పితం. చంపినది కల్పితం కాదు. నిజంగా పోయినవాళ్ల ఇళ్లు మా మధ్యనే ఉన్నాయి, వాళ్ల పిల్లలు మా పిల్లలతో చదువుకుంటున్నారు. వాళ్ల పేర్లు రేడియోలో పలకడం నాకు ఇష్టం లేదు. అందుకని ఒక మనిషిని నేనే పుట్టించాను.

పలాస దగ్గర పల్లె. తండ్రి ఇక్కడ ఖలాసీగా చేరాడు, కొడుకు ఇంజనీరింగ్ చదివి అదే ప్లాంటులో అధికారి అయ్యాడు. ఆయన్ని మేనేజరు గారు అందాం. నీళ్ల విభాగం. ఉక్కు కర్మాగారంలో నీళ్ల విభాగమంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిప్పు దగ్గర పనిచేసేవాడికున్న గొప్ప నీళ్ల దగ్గర పనిచేసేవాడికి ఉండదు. ఒక వేసవి సాయంత్రం ఇంట్లో టీ తాగుతుండగా ఫోన్ వచ్చింది. పంప్‌హౌస్‌లో ఒత్తిడి పడిపోయిందట. "గంటలో వచ్చేస్తాలే, భోజనం తీసి ఉంచు" అని భార్యకు చెప్పి బండి తీశాడు. రాత్రి తొమ్మిదింటికి సెక్టార్ 9 ఆస్పత్రి నుంచి కబురు. పంప్‌హౌస్ మెట్ల దగ్గర పడి ఉన్నాడట. దెబ్బ లేదు, కాలిన మచ్చ లేదు, నెత్తురు లేదు. పైగా మొహం నల్లబడలేదు, నీలం తిరగలేదు. నిద్రపోతున్నవాడిలా ఉన్నాడు, మొహం ఎర్రగా ఉంది.

ఇక చూడండి, కోహ్కాలో మూడు రోజులు ఎన్ని మాటలు పుట్టాయో. గుండెపోటు అన్నారు కొందరు. నలభై ఆరేళ్లకేం గుండెపోటు అన్నారు ఇంకొందరు. ప్రమోషన్ తగాదా ఉందన్నారు. టెండరు ఫైలు మీద సంతకం పెట్టనన్నాడట, అందుకే ఎవరో ఏదో చేశారన్నారు. ఊరి నుంచి వచ్చిన మేనత్త అయితే, "టీలో ఏం కలిపారో చూడండి నాయనా" అంది. పోలీసులు ఇక్కడి పద్ధతి ప్రకారం మర్గ్ కాయమ్ చేశారు, అంటే మరణం మీద విచారణ పుస్తకంలోకి ఎక్కించారు. పత్రికలో రెండు వాక్యాల వార్త. నవలకి సరిపడా సరుకు అంతా ఉంది. ఒక్క డిటెక్టివ్ తక్కువ.

ఇప్పుడు నవల పక్కన పెట్టి, నీళ్ల పంపుకీ మనిషి చావుకీ ఏం సంబంధమో చూద్దాం.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో పై నుంచి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తారు, కింద నుంచి వేడిగాలి కొడతారు. కోక్‌లోని బొగ్గు ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. కింద ఇనుము కరిగి దిగుతుంది, పైన ఒక వాయువు లేస్తుంది. అందులో నాలుగో వంతుకి అటూ ఇటూగా కార్బన్ మోనాక్సైడ్. ఆ వాయువుని పారబోయరు. అది మండుతుంది కాబట్టి పొయ్యిలకీ, కరెంటు ఉత్పత్తికీ వాడుకుంటారు. వాడుకోవాలంటే ముందు కడగాలి, ఎందుకంటే దాని నిండా దుమ్ము. కడగడానికి గ్యాస్ క్లీనింగ్ ప్లాంట్ ఉంటుంది. అక్కడ వాయువు మీద జోరుగా నీళ్లు చిమ్ముతారు. ఆ నీళ్లు పంపేది పంప్‌హౌస్.

గొట్టంలో నీళ్లు బలంగా వస్తున్నంతసేపు వాయువు తన చోట తాను ఉంటుంది. నీటి ఒత్తిడి పడిపోయిందనుకోండి. అవతల ఉన్న వాయువుకీ ఒత్తిడి ఉంది, ఇవతల నెట్టేవాళ్లు లేరు. నీళ్లు వచ్చిన గొట్టంలోంచే అది వెనక్కి నడిచి వస్తుంది. ఆపాల్సిన వాల్వ్ ఆపకపోతే నేరుగా పంపుల దగ్గరికి చేరుతుంది. అక్కడ ఉన్నవాడు నీళ్ల మనిషి. అతని చేతిలో స్పానర్ ఉంటుంది, ముఖానికి గ్యాస్ మాస్క్ ఉండదు. ఎందుకుంటుంది? అది నీళ్ల చోటు కదా.

2014 జూన్ 12 సాయంత్రం భిలాయి స్టీల్ ప్లాంట్‌లో జరిగింది ఇదే. రెండో నంబరు పంప్‌హౌస్‌లో లోపం వచ్చి నీటి ఒత్తిడి తగ్గింది, బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు వెనక్కి తన్నింది. ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ముప్పై మంది దాకా ఆస్పత్రి పాలయ్యారు. ప్రమాదాల్లో ఎప్పుడూ కూలివాడే పోతాడని మనకొక లెక్క ఉంటుంది, అది చాలావరకు నిజమే కూడా. ఆ సాయంత్రం మాత్రం వాయువు ఎవరి గుర్తింపు కార్డూ చూడలేదు.

ఈ వాయువు గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. మన నెత్తుట్లో ఆక్సిజన్‌ని మోసేది హీమోగ్లోబిన్. కార్బన్ మోనాక్సైడ్ ఎదురైతే అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా దాన్ని పట్టుకుంటుంది, పట్టుకుని అంత సులువుగా వదలదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, రక్తం తిరుగుతూనే ఉంటుంది, కానీ మెదడుకి చేరాల్సింది చేరదు. పనిచోట ఎనిమిది గంటల షిఫ్టులో గాలిలో పది లక్షల వంతుల్లో యాభై వంతులకు మించకూడదని లెక్క. నూటికి ఒకటింపావు వంతు ఉందంటే రెండు మూడు ఊపిర్లకే స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఫర్నేస్ వాయువులో ఉండేది అంతకు ఇరవై రెట్లు. కడుపులో తిప్పినట్టుంది, తల దిమ్ముగా ఉంది అని పక్కవాడితో చెప్పే వ్యవధి కూడా ఉండదు. నిలబడ్డవాడు నిలబడ్డచోటే కూలిపోతాడు.

మొహం ఎర్రగా ఉండడానికి కారణం కూడా అదే. ఈ వాయువు పట్టిన రక్తం మరింత ఎరుపెక్కుతుంది. పాశ్చాత్య వైద్య పుస్తకాలన్నీ చెర్రీ పండు రంగు అని రాస్తాయి, తెల్ల ఒంటి మీద అది సులువుగా కనబడుతుంది. మన చామనచాయ ఒంటి మీద కనబడకపోవచ్చు. పెదవి లోపలి భాగం, నాలుక, గోళ్లు, అరికాళ్లు చూడాలి. పోస్ట్‌మార్టం చేసే డాక్టరుకి ఇది తెలుసు. పక్కింటాయనకి తెలియదు. అందుకని పక్కింటాయన టీ కప్పుని అనుమానిస్తాడు.

ఇలాంటి చావుల చిక్కుముడిని మొదట విప్పినవారిలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒకడు. 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 57 మంది పోయారు. పేలుడులో పోయారు కాబట్టి పేలుడు దెబ్బకే పోయారని అందరూ అనుకున్నారు. హాల్డేన్ శవాలను పరిశీలించాడు, రక్తం పరీక్షించాడు. ఎక్కువమందిని చంపింది పేలుడు కాదు, పేలుడు తర్వాత గని నిండా పరుచుకున్న కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. అంతకుముందే ఆయన ఆ వాయువుని తానే పీల్చి, ఎంత పీలిస్తే ఏమవుతోందో రాసుకున్న మనిషి. నాకు యుగంధర్ కంటే ఇతనే పెద్ద డిటెక్టివ్‌గా కనిపిస్తాడు, కొమ్మూరివారి అభిమానులు క్షమించాలి. గనిలోకి చిన్న పిట్టను తీసుకెళ్లే ఆనవాయితీ ఆయన సలహా నుంచే వచ్చింది. మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది, చూసి బయటికి పరుగెత్తవచ్చు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా కెనరీ పిట్టలు ఉద్యోగం చేశాయి. ఇప్పుడు దాని బదులు జేబుకి తగిలించుకునే మీటరు ఉంది. వాయువు తగిలితే కూత పెడుతుంది. అది ఎవరి జేబుకి ఉండాలన్నదే తగాదా. ఫర్నేస్ మనిషి జేబుకి ఉంటుంది. నీళ్ల మనిషి జేబుకో?

తెలుగు నేల మీదా ఈ పద్దు ఉంది. 2018 జూలై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలో గెర్దావ్ ఉక్కు ఫ్యాక్టరీలో ఆరుగురు పోయారు. అదే వాయువు. ఇంటిపక్కనున్న ఒడిశాలో, 2021 జనవరి 6న రూర్కెలా స్టీల్ ప్లాంట్‌లో నలుగురు ఠేకా కార్మికులు. ఇలాంటి ప్రమాదాల్లో ప్రపంచమంతటా మళ్లీ మళ్లీ జరిగేది ఒకటుంది. మొదట ఒకడు పడిపోతాడు. అతన్ని లాగడానికి రెండోవాడు పరుగెత్తుతాడు, వాడూ పడతాడు. ఆ ఇద్దరి కోసం మూడోవాడు. సాటి మనిషి పడిపోతే పరుగెత్తకుండా ఉండడం ఏ మనిషికైనా కష్టం, తోటి ఉద్యోగికి మరీ కష్టం. ఆగి, మాస్క్ తగిలించుకుని, అప్పుడు పరుగెత్తాలి. అది తర్ఫీదు లేకుండా రాదు. పైగా మాస్క్ అనగానే కోవిడ్ నాటి గుడ్డ మాస్క్ అనుకునేరు, దుమ్ము మాస్క్ అనుకునేరు. వాటిలోంచి ఈ వాయువు నిక్షేపంగా లోపలికి వస్తుంది. వీపుకి గాలి సిలిండరు ఉన్నదే పనికొస్తుంది.

అన్ని వాయువులూ ఒకే రకం కాదు. 2018 అక్టోబర్ 9 ఉదయం భిలాయిలోనే పదకొండో నంబరు కోక్ ఓవెన్ బ్యాటరీ దగ్గర గ్యాస్ పైపులైను మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. కోక్ ఓవెన్ వాయువులో సగానికి పైగా హైడ్రోజన్, దానికి తోడు మీథేన్. దానికి వాసన ఉంటుంది, కానీ నిప్పురవ్వ దొరికితే వాసన చూసే తీరిక ఇవ్వదు. తొమ్మిది మంది ఆ రోజే పోయారు, తర్వాతి రోజుల్లో ఆస్పత్రిలో మరికొందరు. అదే ఏడాది జూన్ 14న ప్రధానమంత్రి వచ్చి, ఆధునికీకరించిన ప్లాంటుని జాతికి అంకితం చేసి వెళ్లి అప్పటికి నాలుగు నెలలు. ప్రమాదం తర్వాత ప్లాంటు ముఖ్య కార్యనిర్వహణాధికారిని పదవి నుంచి తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. ఈ చావుల్లో మిస్టరీ ఏమీ లేదు. మరమ్మతు ముందే అనుకున్న పని, పగటిపూట, అగ్నిమాపక సిబ్బంది పక్కనుండగానే. అందుకే అది నన్ను ఎక్కువ వేధిస్తుంది.

చట్టం సంగతికి వస్తాను. అప్పటికి అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. దాని 36వ సెక్షన్ చదివితే, రాసినవాడు పని ఎరిగినవాడే అనిపిస్తుంది. ప్రమాదకర వాయువు ఉండే అవకాశమున్న గది, ట్యాంకు, గొయ్యి, గొట్టం, ఏ ఇరుకు చోటులోకైనా మనిషిని పంపాలంటే, లోపలి గాలి పరీక్షించి ఫరవాలేదని తెలిసినవాడు రాతపూర్వకంగా ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం పెట్టి, నడుముకి బెల్టు కట్టి, దానికి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస బయటున్న మనిషి చేతిలో ఉండాలి. తాడు కొస ఇంకొకడి చేతిలో ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. చిక్కేమిటంటే, పంప్‌హౌస్‌కి తలుపులున్నాయి, కిటికీలున్నాయి, లోపల బల్బులు వెలుగుతున్నాయి. దాన్ని ఇరుకు చోటని ఎవరూ అనుకోరు. మేనేజరు గారు ఏ గొయ్యిలోకీ దిగలేదు. తన ఆఫీసులోకి వెళ్లినట్టే వెళ్లాడు. తాడు ఊసే లేదు.

తప్పు తేలితే శిక్ష? అదే చట్టం 92వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ బాధ్యుడికీ మేనేజరుకీ రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. భద్రతా నియమం మీరడం వల్ల మనిషి చనిపోతే జరిమానా పాతిక వేలకు తగ్గకూడదు. పాతిక వేలు, కోహ్కాలో మంచి ఇంటికి రెండు మూడు నెలల అద్దె. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త స్మృతిలో ఆ కనీసాన్ని అయిదు లక్షలకు పెంచారు, అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకిచ్చారు. పెరిగిందంటే పెరిగింది. బాధ్యుడు ఎవరన్నది మాత్రం పాత చిక్కే. భోపాల్ ఘోరం తర్వాత 1987లో చట్టం సవరించి, కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు, ప్రభుత్వానిదైతే నిర్వహణకు నియమించిన వ్యక్తి, బాధ్యుడు కింద లెక్క అన్నారు. కాగితం మీద పేరుంది. పంపు మరమ్మతు ఎన్నిసార్లు వాయిదా పడిందో, ఆ వాయిదా ఎవరు వేశారో తెలిసిన మనిషి పేరు ఆ కాగితం మీద ఉండదు.

భిలాయిలో చావు, బాధ్యత అనే రెండు మాటలు కలిపి పలికితే కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగి గుర్తుకు రాక మానడు. ఆయన కంపెనీ ఉద్యోగి కాడు కదా అంటారేమో. ఈ ప్లాంటు కోక్ ఓవెన్‌లో పనిచేసినవాడే, ఉద్యోగం పోగొట్టుకున్నవాడే. తర్వాత దల్లీ రాజహరా ఇనుప గనుల్లో కార్మికులను కూడగట్టాడు, 1983లో కార్మికుల చందాలతో, శ్రమతో అక్కడ షహీద్ హాస్పిటల్ నిలబెట్టాడు. తొంభైల మొదట్లో భిలాయి చుట్టూ ఉన్న ప్రైవేటు ఫ్యాక్టరీల కార్మికుల వైపు వచ్చాడు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున, ఇంట్లో నిద్రపోతుండగా, కిటికీలోంచి నాటు తుపాకీతో కాల్చి చంపారు. ఆయన పోయాక ఒక చిన్న క్యాసెట్ దొరికింది. తనకు ప్రాణహాని ఉందని తన గొంతుతోనే చెప్పి దాచుకున్న క్యాసెట్. రేడియోలో మాట్లాడుతున్నాను కనుక అంటున్నాను, గొంతుకి ఉన్న బలం అచ్చుకి లేదు. కానీ కోర్టులో గొంతు ఒక్కటే చాలదు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు కాల్చినవాడికి మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా మరికొందరికి యావజ్జీవం వేసింది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవాడొక్కడికి యావజ్జీవం ఖాయం చేసి, మిగతావారి విడుదలను అలాగే ఉంచింది. కోర్టు ముందున్న సాక్ష్యాన్ని బట్టి తీర్పు, దాని మీద నేను చెప్పేదేమీ లేదు. కాల్చినవాడని కోర్టు తేల్చిన మనిషి జైలుకి వెళ్లాడు. అతని వెనక ఎవరున్నారన్నది తేలలేదు.

నవలలో చంపిన చెయ్యి దొరకగానే కథ అయిపోతుంది. ఇక్కడ చెయ్యి దొరికాకే అసలు ప్రశ్న మొదలైంది. పంప్‌హౌస్‌లో చెయ్యి కూడా లేదు, ఒక వాల్వ్ ఉంది. అయినా అదే ప్రశ్న: దాని వెనక ఎవరు? వాల్వ్‌కి పగ లేదు, ఆశ లేదు, వారసత్వం తగాదా లేదు. దాన్ని మార్చాలని ఎవరో రాసి ఉంటారు, ఈ ఏడాది వద్దని ఎవరో రాసి ఉంటారు. హత్య జరిగితే దేశమంతా హంతకుణ్ని వెతుకుతుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎంతో లెక్కేసి, అనుకంపా నియుక్తి కింద ఇంట్లో ఒకరికి ఉద్యోగం మాట ఇచ్చి, ఫైలు కట్టేస్తారు. ఉద్యోగం, డబ్బు అవసరమే, కుటుంబం బతకాలి. కానీ అవి అందాయి కాబట్టి ఇక అడగకూడదని ఒక మర్యాద మన ఊళ్లలో పాతుకుపోయింది. తండ్రి పోయిన చోటే కొడుక్కి ఉద్యోగం ఇస్తే, ఆ కొడుకు ఏ నోటితో అడుగుతాడు? నాకు నచ్చని మర్యాద ఇదొక్కటే.

అడగాల్సినవాళ్లు అడగడానికి దారులున్నాయి. మేనేజరు గారి భార్యని దృష్టిలో పెట్టుకుని చెబుతాను, ఆవిడా నా కల్పనే అయినా. అనుమానాస్పద మరణమైతే పోలీసు శవ పంచనామా జరగాల్సిందే. పాత నేర విచారణ స్మృతిలో 174వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 194. ఇద్దరు స్థానికుల ఎదుట జరగాలి. ఊరికి తీసుకెళ్లిపోవాలనే తొందర మనవాళ్లకి ఉంటుంది, విశాఖ రైలు టైమయిందని, ఊళ్లో చితి పేర్చారని. ఆ తొందరలో రక్తపరీక్ష అడగడం మరిచిపోతారు. కార్బన్ మోనాక్సైడ్‌లో ఒక విచిత్రం ఉంది. బతికున్నవాడికి ఆక్సిజన్ పెడితే గంటన్నరలో అది సగానికి పడిపోతుంది, చనిపోయినవాడి రక్తంలో మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. చచ్చిన మనిషే సాక్ష్యం దాచి ఉంచుతాడన్నమాట. పోస్ట్‌మార్టంలో కార్బాక్సీహీమోగ్లోబిన్, అంటే ఈ వాయువు పట్టిన హీమోగ్లోబిన్, ఎంతో చూడమని అడిగితే చాలు. ఆ అంకె వచ్చిందంటే గుండెపోటు, టీ కప్పు, మేనత్త అనుమానం అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

పనిలో, పని వల్ల జరిగిన మరణమైతే నష్టపరిహారం ఇవ్వాలన్న సూత్రం 1923 నుంచీ ఈ దేశంలో ఉంది. మరణం విషయంలో ఆ డబ్బు అందుకు నియమించిన అధికారి దగ్గర జమ కావాలి, ఎవరో వచ్చి చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే సరిపోదు. ఇది ఠేకా కార్మికుడి కుటుంబానికి మరీ ముఖ్యం, ఎందుకంటే ఠేకాదారు మొదట చెప్పే మాట "వీడు ఆ రోజు డ్యూటీలో లేడు" అని. గేటు పాసు, హాజరు పుస్తకం, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

కారఖానాకి వెళ్లనివాళ్లు ఇదంతా మనకెందుకని రేడియో కట్టేయకండి. చలికాలంలో మా కోహ్కాలో బొగ్గు సిగ్డీ, అదే మన కుంపటి, వెలిగించి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజర్లు వచ్చాయి. అవి తయారుచేసేదీ ఇదే వాయువు, బ్లాస్ట్ ఫర్నేస్ అక్కర్లేదు. తెల్లారి ఇంటిల్లిపాదీ తలనొప్పితో లేచారంటే, కుక్క కూడా మత్తుగా పడి ఉందంటే, ముందు తలుపులు తెరిచి బయటికి రండి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. కోవిడ్ రోజుల్లో కొన్న వేలి మీటరు బీరువాలో ఉంది కదా, పెట్టి చూద్దామనుకోకండి. ఈ వాయువు పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తమే అనుకుంటుంది, తొంభై ఎనిమిది చూపిస్తుంది. మనిషి పోతుంటాడు, మీటరు బాగుందంటుంది.

మేనేజరు గారి ఇంటికి మళ్లీ వెళ్లి ఆపుతాను. రక్తపరీక్ష వచ్చిందనుకుందాం. కారణం తేలింది, మాటలు సద్దుమణిగాయి. ఇక ఆవిడ అడగాల్సింది పంప్‌హౌస్ లాగ్ షీట్. ఆ పుస్తకంలో గంట గంటకీ నీటి ఒత్తిడి రాస్తారు. ఆ సాయంత్రం ఎన్నింటికి పడిపోవడం మొదలైంది, ఎంతకి పడింది, ఆ అంకె రాసినవాడు మొదట ఎవరికి ఫోన్ చేశాడు, గ్యాస్ విభాగానికి చెప్పాడా లేదా, చెబితే వాళ్లు ఎన్ని నిమిషాల్లో వచ్చారు. ఈ ప్రశ్నలకు జవాబు ఆ పుస్తకంలోనూ, టెలిఫోన్ రికార్డులోనూ ఉంటుంది. దాన్ని భద్రపరచమని మొదటి రోజే రాసి ఇవ్వాలి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి ఒక ప్రతి, పోలీసు స్టేషనుకి ఒక ప్రతి. యూనియన్ వాళ్లు తోడు వస్తే మేలు, రాకపోయినా ఇవ్వవచ్చు. హిందీలో రాయించుకోవాలి, తారీఖు వేయాలి, ముద్ర వేయించుకున్న నకలు ఇంట్లో ఉంచుకోవాలి.